ఖాళీ జాగాతో సహా

ఇంజనీరింగ్ పిల్లలు సెలవులకు విజయనగరం వచ్చినప్పుడు లినక్స్ ఎక్కించమని నా దగ్గరకు లాప్‌టాప్‌లు తెస్తుంటారు. మొన్న పాలకొండ కుర్రాడొకడు పెన్‌డ్రైవ్ చేతికిచ్చి, "ఐఎస్ఓ కాపీ సేసీసినాను సార్, బూట్ అవ్వట్నేదు" అన్నాడు. తెరిస్తే పాటలు, ఫొటోల మధ్య ఆ ఫైలు ఉంది. అక్కడ ఎన్నాళ్లున్నా అది బూట్ అవదు.

ఐఎస్ఓ అంటే ఫైళ్ల మూట కాదు, ఒక డిస్కు మొత్తం. ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక, కంప్యూటర్ లేవడానికి కావలసిన బూట్ కోడ్, ఆఖరికి ఖాళీ జాగా కూడా అందులో ఉన్నది ఉన్నట్టు ఉంటాయి.

ఆ ఖాళీ జాగా సంగతి నాకు భలే ఇష్టం. 1988 నాటి ఐఎస్ఓ 9660 ప్రమాణం సీడీలో మొదటి 16 సెక్టార్లను, అంటే 32 కేబీని, ఏమీ రాయకుండా వదిలేసింది. ఎవరికి ఏ అవసరం వస్తే దానికి వాడుకోవచ్చు. "సీడీ001" అన్న గుర్తు ఆ తర్వాతే వస్తుంది. పెన్‌డ్రైవ్‌ల కాలం వచ్చాక లినక్స్ వాళ్లు ఆ ఖాళీలోనే, మొట్టమొదటి 512 బైట్లలో, హార్డ్‌డిస్కుకు ఉండేలాంటి బూట్ రికార్డు పెట్టారు. సీడీ చదివే యంత్రం దాన్ని పట్టించుకోదు, పెన్‌డ్రైవ్ నుంచి లేచే యంత్రం దాన్నే చూస్తుంది. ఒకే ఉబుంటు ఇమేజ్ రెండింటి మీదా పనిచేసేది అందుకే. కాపీ చేస్తే పెన్‌డ్రైవ్ మొదటి బైట్లు పాతవే ఉండిపోతాయి. రూఫస్ లాంటి సాధనంతోనో, లినక్స్‌లో డీడీ కమాండుతోనో ఇమేజ్‌ను డ్రైవ్ మీద రాయాలి. రాస్తే పాత పాటలు, ఫొటోలు పోతాయి కాబట్టి ముందే దాచుకోవాలి.

ఇక మన ప్రాంతం మాట. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం పల్లెల్లో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. అలాంటి చోట చిన్న సెటప్ ఫైలు ఇచ్చి మిగతాదంతా నెట్ నుంచి దించుకునే ఇన్‌స్టాలర్లు ఎందుకూ కొరగావు. పూర్తి ఇమేజ్ ఒక్కటి దగ్గరుంటే హాస్టల్ మొత్తానికీ సరిపోతుంది. తెలుగు మెనూలతో వచ్చే స్వేచ్ఛ ఆపరేటింగ్ సిస్టమ్ కూడా అలా చేతులు మారి ఊళ్లకు చేరాలని నా కోరిక.

చేతులు మారినదాన్ని సరిచూసుకోకుండా ఎక్కించకూడదు. ఈ విషయంలో నేను పట్టు విడవను. ఎస్‌హెచ్‌ఏ-256 లెక్క వేస్తే ఎంత పెద్ద ఫైలుకైనా 64 అక్షరాల గుర్తు వస్తుంది. లోపల ఒక్క బిట్ చెడినా ఆ గుర్తు పూర్తిగా మారిపోతుంది. విండోస్‌లో సర్ట్‌యుటిల్, లినక్స్‌లో ఎస్‌హెచ్‌ఏ256సమ్ ఈ లెక్క వేసి పెడతాయి. వచ్చిన గుర్తును, తయారుచేసినవాళ్ల సైటులో ఇచ్చినదానితో పోల్చుకోవాలి. ఐదారు జీబీల ఫైలు స్నేహితుడి డ్రైవ్‌లో వచ్చినా ఫరవాలేదు. ఆ 64 అక్షరాలు మాత్రం సైటు నుంచే తీసుకోవాలి, వాటికి ఫోన్లో ఒక్క గీత సిగ్నల్ ఉన్నా చాలు.