కొన్ని క్షణాల పాటకూ పల్లవి

‘దే మైట్ బి జెయింట్స్’ పేరుతో 1982 నుంచి అమెరికాలో పాటలు కడుతున్న జాన్ ఫ్లాన్స్‌బర్గ్, జాన్ లినెల్ జంట ఆల్బమ్‌లను వరుసగా విన్నప్పుడు, వాటి సంఖ్య కంటే చిన్న పాటను కూడా చిన్నచూపు చూడని వారి పనితనమే ఎక్కువ అబ్బురపరుస్తుంది. బ్రూక్లిన్‌లోని ఇంట్లో ఆన్సరింగ్ మెషిన్‌లో, అంటే ఫోన్ ఎత్తే మనిషి లేనప్పుడు ముందే నమోదైన మాటను వినిపించే యంత్రంలో, వారు తమ పాటలను ఉంచి, ‘డయల్-ఎ-సాంగ్’ పేరిట ఫోన్ చేసినవారికల్లా ఒక్కొక్కరికే వినిపించారు. హంగులను మోయలేని ఆ సన్నని టెలిఫోన్ ధ్వనిలో చివరకు నిలిచేవి మాటా, వరుసా మాత్రమే. 1992 నాటి ‘అపోలో 18’లోని ‘ఫింగర్‌టిప్స్’ ఈ క్లుప్తతకు పరాకాష్ఠ: నాలుగున్నర నిమిషాల్లో 21 తునకలు, ప్రతిదానికీ వేరే గొంతు, వేరే లయ, కొన్నింటికి కొన్ని క్షణాలే ఆయుష్షు, సీడీ ప్లేయర్‌ను షఫుల్‌లో, అనగా పాటల క్రమాన్ని తారుమారు చేసే పద్ధతిలో, పెడితే అవి పెద్ద పాటల నడుమ చిలిపిగా తలదూరుస్తాయి. పిల్లల ఆల్బమ్‌లలోనూ (అసలు పరీక్ష అక్కడే) ఈ శ్రద్ధ సడలలేదు. సూర్యుణ్ణి మండే వాయురాశిగా వర్ణించిన 1959 నాటి పాటను 2009లో ‘హియర్ కమ్స్ సైన్స్’లో పాడి, సూర్యుడు నిజానికి ప్లాస్మా, అంటే పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడివడిన పదార్థస్థితి, అని దిద్దుతూ వెంటనే మరో పాట కట్టారు. పాఠ్యపుస్తకాలకు సైతం అరుదైన నిజాయితీ ఇది.