నేల చెప్పినట్టు ఆడాలి

హోల్ చుట్టూ నున్నగా కత్తిరించిన గ్రీన్‌కు 30 గజాల దూరంలో నిలబడి, పుటర్ తీసి, బంతిని నేల మీదనే దొర్లించడం: గోల్ఫ్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైన దెబ్బ ఇదే. బాగా నీళ్లు పట్టిన మెత్తటి కోర్సుల్లో ఇది పనికిరాదు, బంతి సగం దారిలోనే ఆగిపోతుంది. స్కాట్లాండ్ తీరంలోని లింక్స్ కోర్సుల్లో మాత్రం ఆట సగం ఇట్లనే నడుస్తుంది. స్నేహితులతో కలిసి సెయింట్ ఆండ్రూస్ దాకా పోయింది దీనికోసమే.

సముద్రం పక్కన ఉన్న కోర్సులన్నీ లింక్స్ కావు. విశాఖలో ఈస్ట్ పాయింట్ కోర్సు సముద్రానికి దగ్గరే, అయినా దాన్ని లింక్స్ అనరు. సముద్రం వదిలిపోయిన ఇసుక దిబ్బలు ఉండాలి. నాగలికి లొంగని ఆ దుబ్బ మీద సన్నని ఫెస్క్యూ గడ్డి మొలిస్తే, గొర్లు, కుందేళ్లు మేసి మేసి దాన్ని నేలకు అంటుకునేట్టు చేశాయి. ఎంత వాన కొట్టినా నీళ్లు ఇసుకలోకి ఇంకిపోతాయి, నేల గట్టిగానే ఉంటుంది. 19వ శతాబ్దంలో సెయింట్ ఆండ్రూస్‌లోని ఓల్డ్ కోర్సును చూసుకున్న ఓల్డ్ టామ్ మోరిస్ కూడా గ్రీన్ల మీద మళ్లీ మళ్లీ ఇసుకే చల్లించాడు.

గల్ఫ్‌కు పోయి తోటపని చేసే మా కరీంనగర్, జగిత్యాల వాళ్లకు దీనికి పూర్తిగా వ్యతిరేకమైన పని తెలుసు. దుబాయ్‌లో 1988లో మొదలైన ఎమిరేట్స్ క్లబ్ కోర్సు ఎడారిలో నీళ్లు పట్టి నిలబెట్టిన పచ్చదనం. అది చిన్న చాకిరీ కాదు. కాకపోతే తడి గడ్డి మీద ఆట గాలిలోనే సాగుతుంది.

గట్టి నేల మనకు కొత్తది కాదు. ఆదిలాబాద్ దిక్కు మే నెలలో ఎండిన బీడు మీద క్రికెట్ ఆడినవాళ్లకు బంతి ఎట్ల ఉరుకుతుందో, ఏ వాలు దగ్గర పక్కకు తిరుగుతుందో ముందే తెలిసిపోతుంది. నేను గోల్ఫ్ నేర్చుకున్నది హైదరాబాద్‌లో, గోల్కొండ నయాఖిలా కోర్సులో. నేలను చూడడం నేర్పింది మాత్రం ఆ బీడే.

ముందే బుక్ చేసుకోనివాళ్లు ఓల్డ్ కోర్సులో ఆడాలంటే రెండు రోజుల ముందు పేరు ఇవ్వాలి, లాటరీ తీస్తారు. అది ఏ ధనవంతుల క్లబ్బుదీ కాదు, ఊరి నేల. మామూలుగా ఆదివారం ఆట ఉండదు, జనం పిల్లలతో, కుక్కలతో దాని మీదనే షికారు చేస్తారు. ఈ ఒక్క సంగతికే ఆ ఊరంటే నాకు గౌరవం పెరిగింది.

మేం ఆడినప్పుడు మా సంచి మోసిన కేడీ జెండాను చూపించలేదు. జెండాకు చాలా ఎడమన, ముందుగా ఉన్న ఒక చిన్న మిట్టను చూపించి, బంతిని అక్కడ పడేయమన్నాడు. మిగతా పని మిట్టే చూసుకుంది. అక్కడ ఏడు గ్రీన్లు జంట గ్రీన్లు. ఒక్కో గ్రీన్ మీద రెండు జెండాలు, ఆ రెండు హోల్స్ అంకెలు కలిపితే ఎప్పుడూ 18. అంత పెద్ద గ్రీన్ మీద చేరినా ఆట అయిపోయినట్టు కాదు. 1978లో ఇక్కడే జరిగిన బ్రిటిష్ ఓపెన్‌లో జపాన్ ఆటగాడు టామీ నకజిమా 17వ హోల్‌లో రెండు దెబ్బల్లోనే గ్రీన్ మీదికి వచ్చాడు. తర్వాత కొట్టిన పుట్ వాలు పట్టుకొని బంకర్లో పడింది. బయటికి రావడానికి నాలుగు దెబ్బలు పట్టాయి, ఆ హోల్ తొమ్మిదితో ముగిసింది. 2009లో టర్న్‌బెర్రీ లింక్స్‌లో జరిగిన ఓపెన్ ఆడేనాటికి టామ్ వాట్సన్‌కు 59 ఏళ్లు. చివరి హోల్‌లో అతని బంతి చక్కగా గ్రీన్ మీద పడి, ఆగకుండా వెనక్కి దాటిపోయింది. ప్లేఆఫ్‌లో టైటిల్ చేజారింది. ఆ దెబ్బలో నాకైతే ఏ తప్పూ కనిపించదు.

2022లో సెయింట్ ఆండ్రూస్‌లో జరిగిన 150వ ఓపెన్‌లో కాలిఫోర్నియాలో పుట్టిన తెలుగు బిడ్డ సాహిత్ తీగల ఆడాడు. అతన్ని చూసి మన దగ్గర కూడా పిల్లలు ఈ ఆటకు రావాలని నా కోరిక. వచ్చిన పిల్లలకు ఎత్తు దెబ్బలతో పాటు నేల దెబ్బను కూడా మొదటి నెల నుంచే నేర్పాలి. మన కోర్సులు ఎండకాలం రెండు హోల్స్‌కు నీళ్లు తగ్గించి, గట్టిగా ఉంచి, పుటర్‌తో, 7 ఐరన్‌తో మాత్రమే ఆడనివ్వాలి. నీటి కరువున్న మన నేలలో ఇది ఈ వేసవికే మొదలుపెట్టగలిగిన పని.