పన్నెండు పంచమాల కొసరు

వీణకు మేళం కట్టడం, అంటే మైనం మీద మెట్లు కూర్చడం, చూడాలంటే తీరిక ఉండాలి. మైనం వేడికి మెత్తబడగానే కట్టే ఆయన మెట్టును వెంట్రుకవాసి జరుపుతారు, మీటుతారు, పెదవి విరిచి మళ్లీ జరుపుతారు. బొబ్బిలి వీణయినా తంజావూరు వీణయినా మెట్లు ఇరవై నాలుగు. కొలబద్ద పెట్టి గీతలు గీసి అంటించేస్తే పోదా అనిపిస్తుంది. పోదు. చిక్కు లెక్కలోనే ఉంది.

షడ్జానికి పంచమం ఒకటిన్నర రెట్లు. ఆ పంచమాన్ని షడ్జం చేసుకుని దాని పంచమం, మళ్లీ దానికి పంచమం... ఇలా పన్నెండు సార్లు వెళితే పన్నెండు స్వరస్థానాలూ చుట్టేసి, ఏడు స్థాయిల పైన మళ్లీ షడ్జం మీదే వాలాలి. వాలదు. సెకనుకు 100 కంపనాల దగ్గర మొదలుపెడితే, ఏడు స్థాయిలూ కిందికి దించుకున్నాక 101.36 దగ్గర తేలతాం. ఆ రెంటినీ కలిపి మోగిస్తే మూడు సెకన్లకు ఇంచుమించు నాలుగుసార్లు నాదం ఊగుతుంది. మూడును మూడుతో ఎన్నిసార్లు హెచ్చవేసినా బేసి సంఖ్యే వస్తుంది, రెండును రెండుతో హెచ్చవేస్తే సరి సంఖ్యే. ఇక కలిసేదెక్కడ? పాశ్చాత్యులు ఈ తేడాను పైథాగరస్ పేరుతో 'కామా' అంటారు. అర్ధస్వరంలో దాదాపు పావువంతు.

పియానో వాళ్లు ఈ కొసరును పన్నెండు పంచమాలకూ సమంగా పంచేశారు, పెళ్లి అప్పును అన్నదమ్ములు పంచుకున్నట్టు. 440కి పంచమం 660 కావాలి, పియానోలో అది 659.26. ఒక్క పంచమమూ శుద్ధంగా ఉండదు, ఒక్కటీ భరించలేనంతగా ఉండదు. తప్పుపట్టను. ఏ మెట్టునైనా షడ్జం చేసుకుని వాయించాలంటే ఆ మాత్రం రాజీ తప్పదు.

మనకు ఆ అవసరం లేదు. తంబూర షడ్జం కచేరీ అంతా కదలదు, స్వరాలే వచ్చి దానితో కుదరాలి. అయితే వీణలో ఒకే మెట్టు నాలుగు తంతుల కిందా ఉంటుంది. సారణి తంతికి సరిపోయిన చోటు పంచమం తంతికి కాస్త అటూఇటూ కావచ్చు. కట్టే ఆయన సతమతమయ్యేది అక్కడే. మెట్టు కొద్దిగా తగ్గు పలికితే తంతి లాగి సరిచేసుకోవచ్చు, హెచ్చు పలికితే వాయించేవాళ్లు చేయగలిగిందేమీ లేదు.

ఇప్పుడు చాలామంది ఫోన్‌లో ట్యూనర్ ముల్లు చూసి శ్రుతి చేసుకుంటున్నారు. మామూలుగా ఆ ముల్లు చెప్పేది పియానో లెక్క. షడ్జం వరకు దాన్ని నమ్మండి. పంచమానికి మాత్రం ఫోన్ పక్కన పెట్టి, ఆ ఊపు ఆగేదాకా బిరడ తిప్పుతూ చెవితోనే కలపండి.