పైలట్ నేల మీద, విమానం నింగిలో

రేడియో విమానం ఎగరేయడం మొదలుపెట్టినవాళ్లకు తొలి పూటే ఎదురయ్యే చిక్కు ఒకటుంది. విమానం మన నుంచి దూరంగా పోతున్నంతసేపూ అంతా సవ్యంగానే ఉంటుంది. స్టిక్ కుడికి నొక్కితే కుడికి, ఎడమకు నొక్కితే ఎడమకు తిరుగుతుంది. అది చుట్టు తిరిగి మన వైపు మొహం పెట్టిందంటే లెక్క తారుమారు. కుడి స్టిక్ కొడితే అది తన కుడికే తిరుగుతుంది, మన కంటికి మాత్రం ఎడమకు పోతుంది. కంగారుపడి ఇంకాస్త నొక్కుతాం. అది ఇంకాస్త ఒరుగుతుంది. ఆ తర్వాత గడ్డిలో ముక్కలు ఏరుకోవడమే.

అసలు విమానం నడిపే పైలట్‌కు ఈ బాధ లేదు. ఆయన లోపల కూర్చుంటాడు. విమానం ఒరిగితే ఆయనా ఒరుగుతాడు, అది ఆయన ఒంటికి తెలుస్తుంది. మనకు ఉన్నవి కళ్లు రెండే, అవీ నూరు మీటర్ల దూరం నుంచి చూడాలి. మొదటి విమానానికి రెక్క ఎక్కడ ఉండాలి, ఎంత ఎత్తున ఎగరేయాలి, ఏ వేళకు మైదానానికి వెళ్లాలి అంటూ కొత్తవాళ్లకు పెద్దలు చెప్పే జాగ్రత్తల్లో చాలావరకు పైలట్ బయట ఉండటం వల్ల వచ్చినవే.

ఎదురొచ్చే విమానానికి పాతకాపులు చెప్పే కిటుకు చిన్నది. మీ కంటికి ఏ రెక్క కిందికి వాలినట్టు కనిపిస్తుందో స్టిక్ అటే నొక్కండి. వాలిన రెక్క కింద స్టిక్‌తో దన్ను పెడుతున్నామనుకుంటే చాలు, కుడీ ఎడమా తిరగేసి ఆలోచించే పని ఉండదు. ఇది తలతో అర్థం కావడానికి నిమిషం పడుతుంది, వేళ్లకు ఎక్కడానికి వారాలు పడతాయి. అందుకే సిమ్యులేటర్. ట్రాన్స్‌మిటర్‌ను కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి, తెర మీద విమానాన్ని ఎన్నిసార్లు కూల్చినా పైసా ఖర్చుండదు. దీన్ని వీడియో గేమ్ అని తీసిపారేసేవాళ్లున్నారు గానీ, ఈ హాబీలో పెట్టే డబ్బులో ఇంతకంటే గిట్టుబాటయ్యేది ఇంకోటి లేదని నా అభిప్రాయం. విమానాన్ని మన వైపుకే తెప్పించుకుంటూ, అడ్డంగా ఎనిమిది అంకె వేస్తూ సాధన చేయాలి. గిరికీలు తర్వాత చూసుకోవచ్చు.

ఇక కొనుగోలు. కొత్తవాళ్ల కన్ను ముందుగా యుద్ధవిమానాల మీద పడుతుంది. స్పిట్‌ఫైర్, మిగ్, ఏదో ఒక జెట్. అవి వద్దు. రెక్క పైన ఉండి, శరీరం దాని కింద వేలాడినట్టుండే ట్రెయినర్ కావాలి. ముందు నుంచి చూస్తే రెక్క రెండు కొసలూ కాస్త పైకి లేచి, వెడల్పాటి ‘వి’ ఆకారంలో ఉండాలి. దీన్ని డైహెడ్రల్ అంటారు. గాలికో, మన చేతి తొందరకో విమానం ఒక పక్కకు ఒరిగితే అది ఆ పక్కకే జారడం మొదలుపెడుతుంది. అప్పుడు వాలిన రెక్కకు గాలి ఎక్కువ కోణంలో తగిలి అది పైకి లేస్తుంది. అంటే పైలట్ ఏమీ చేయకపోతే విమానం తనంతట తానే సర్దుకుంటుంది. మైదానంలో కొత్త కుర్రాడు తడబడుతుంటే పక్కన నిలబడ్డ సీనియర్ అరిచే మాట ఇదే: “స్టిక్ వదిలెయ్ తమ్ముడూ, అదే సర్దుకుంటుంది!” వదిలేస్తే సర్దుకోవాలంటే ఆ గుణం రెక్కలో ముందే ఉండాలి. జెట్ బొమ్మలో అది ఉండదు.

ట్రెయినర్‌కు మీటరు నుంచి మీటరున్నర రెక్క, కిలో లోపు బరువు సరిపోతాయి. మూడు ఛానళ్లతోనే మొదలుపెట్టవచ్చు. మోటారు వేగానికి థ్రాటిల్, ముక్కు పైకీ కిందికీ కదలడానికి ఎలివేటర్, తిరగడానికి రడ్డర్. మన దేశంలో ఎక్కువగా నడిచేది మోడ్ 2 పద్ధతి, అంటే ఎడమ స్టిక్‌లో థ్రాటిల్, రడ్డర్, కుడి స్టిక్‌లో ఎలివేటర్, ఐలరాన్ (విమానాన్ని ఒరిగించే రెక్క వెనకంచు పలక). ఇక్కడో చిన్న ఉపాయం. మూడు ఛానళ్ల విమానంలో ఐలరాన్ ఉండదు కాబట్టి, రడ్డర్‌ను కదిపే చిన్న మోటారు (సర్వో) వైరును రిసీవర్‌లోని ఐలరాన్ సాకెట్‌లో పెట్టేస్తారు. దాంతో తిప్పే పనంతా కుడి బొటనవేలికే వస్తుంది. రేపు నాలుగు ఛానళ్ల విమానానికి మారినా ఆ వేలికి కొత్తగా నేర్చుకునేది ఉండదు.

రెడీమేడ్ విమానం పెట్టె విప్పి ఎగరేయవచ్చు. అందులో ఒరుగుడును సరిదిద్దే జైరో కూడా ఉంటే విమానం దాదాపు తనే ఎగురుతుంది. తప్పేం లేదు. కానీ అది విరిగిన రోజు దాని లోపల ఏముందో తెలియక చాలామంది హాబీకే దండం పెట్టేస్తారు. చేత్తో కట్టుకున్నవాళ్లకు ఆ బాధ ఉండదు. ఇవాళ కట్టడం పెద్ద బ్రహ్మవిద్యా కాదు. ఒకప్పుడు ఈక్వడార్ నుంచి వచ్చే బాల్సా చెక్కను బ్లేడుతో కోసి, సన్నని రిబ్బులు ఒక్కొక్కటీ అతికించి, పైన కాగితం తొడిగి నెలల తరబడి కట్టేవారు. ఇప్పుడు ఐదు మిల్లీమీటర్ల డెప్రాన్ షీటో ఫోమ్ బోర్డో తెచ్చుకుంటే వారాంతంలో ఒళ్లు తయారవుతుంది. రెక్కలో బలానికి కార్బన్ రాడ్డు, సర్వో నుంచి తోకకు సైకిల్ స్పోకు, అతుకులకు హాట్ గ్లూ, ముందంచుకు పార్సిల్ టేపు. ఒక్కటి మాత్రం గుర్తుండాలి. ఫెవిక్విక్ లాంటి జిగుర్లు థర్మకోలును తినేస్తాయి, చుక్క పడిన చోట గుంట పడుతుంది. ఎక్కడైనా వాడబోయే ముందు పనికిరాని ముక్క మీద వేసి చూడాలి.

మోటారు మీద ‘2212, 1000 కేవీ’ అని రాసి ఉంటుంది. లోపలి స్టేటర్ వ్యాసం 22 మిల్లీమీటర్లు, ఎత్తు 12 అని మొదటి అంకె చెబుతుంది. వోల్టుకు నిమిషానికి వెయ్యి చుట్లు, అదీ ప్రొపెల్లర్ లేకుండా, అని రెండోది. దానికి 30 ఆంపియర్ల ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపు చేసే పరికరం), పది అంగుళాల ప్రాప్, తొమ్మిది గ్రాముల సర్వోలు, మూడు సెల్లుల 2200 ఎంఏహెచ్ లైపో బ్యాటరీ. నెమ్మదిగా తిరిగే కిలో విమానానికి ఈ సామాను చాలు. ఆరు ఛానళ్ల మామూలు రేడియో, ఛార్జర్‌తో కలిపి ఖర్చు పది వేలకు అటూ ఇటూ తేలుతుంది. చేతిలో డబ్బు తక్కువైతే విమానం మీద తగ్గించుకోండి గానీ రేడియో మీద వద్దు. విమానాలు వస్తాయి పోతాయి, రేడియో ఏళ్ల తరబడి ఉంటుంది.

ఇప్పుడొచ్చే రేడియోలు 2.4 గిగాహెర్ట్జ్ మీద పనిచేస్తాయి. ట్రాన్స్‌మిటర్, రిసీవర్ ఒకదాన్నొకటి గుర్తుపెట్టుకుంటాయి కాబట్టి మైదానంలో పది మంది ఒకేసారి ఎగరేసినా గొడవ లేదు. అంతకు ముందు క్రిస్టల్ మార్చుకునే రేడియోలు ఉండేవి. ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఇద్దరు స్విచ్ వేస్తే గాల్లో ఉన్నవాడి విమానం నేలకొచ్చినట్టే. అందుకని క్లబ్బుల్లో ఒక బోర్డు, దాని మీద ఫ్రీక్వెన్సీకి ఒక క్లిప్పు ఉండేవి. క్లిప్పు చొక్కాకు తగిలించుకున్నవాడికే స్విచ్ వేసే హక్కు. అంతకంటే వెనక్కి, 1930ల చివర్లో, అమెరికాలో వాల్టర్ గుడ్, విలియం గుడ్ అనే కవల సోదరులు ‘బిగ్ గఫ్’ అనే మోడల్‌ను రేడియోతో నడిపి చూపించారు. వాల్వులు, బరువైన బ్యాటరీలు మోస్తూ ఎగిరిన ఆ విమానం ఇప్పుడు స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది.

సామాను బిగించాక, ఎగరేసే ముందు, ఈ విద్యలో అతి ముఖ్యమైన పని ఒకటి మిగులుతుంది. దానికి కావలసినవి రెండు వేళ్లు. రెక్క వెడల్పు 20 సెంటీమీటర్లు అనుకుందాం. ముందంచు నుంచి ఐదారు సెంటీమీటర్ల దగ్గర రెండు పక్కలా స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టి, ఆ గుర్తుల కింద చూపుడు వేళ్లు ఆనించి విమానాన్ని లేపాలి. సమంగా నిలబడితే, లేదా ముక్కు పిసరంత కిందికి వాలితే మంచిదే. తోక వాలితే ఎగరేయకూడదు. బ్యాటరీని ముందుకు జరపాలి, చాలకపోతే ముక్కులో రూపాయి బిళ్లలు అతికించాలి. మైదానాల్లో ఒక పాత మాట ఉంది: ముక్కు బరువైన విమానం సరిగా ఎగరదు, తోక బరువైన విమానం ఒకేసారి ఎగురుతుంది. ఈ బరువు కేంద్రం (సీజీ) చూసుకోకుండా మొదటిసారి గాల్లోకి విసిరిన విమానాల సంగతి ఏ మైదానంలో అడిగినా చెబుతారు.

తర్వాత మోటారు ఆపి, గడ్డి ఏపుగా ఉన్న చోట, గాలికి ఎదురుగా, భుజం ఎత్తు నుంచి నేలకు సమాంతరంగా మెల్లగా విసిరి చూడాలి. పైకి ఆకాశంలోకి కాదు. నిటారుగా నేలలోకి దిగిందంటే ముక్కు బరువు. లేచి, ఆగి, తల దించి, మళ్లీ లేచిందంటే తోక బరువు. సాఫీగా జారుతూ పోయి గడ్డి మీద వాలిందంటే మోటారు ఆన్ చేయొచ్చు. వదిలేస్తే తనంతట తానే ఎగరాలన్న ఆలోచన పాతదే. 1871లో ప్యారిస్‌లోని ట్యూలరీ తోటలో అల్ఫోన్స్ పెనో అనే ఫ్రెంచి ప్రయోగకారుడు రబ్బరు బ్యాండుతో ఎగరేసిన చిన్న విమానం పదకొండు సెకన్లు గాల్లో నిలిచింది. ఎవరూ నడపకుండానే నిలకడగా ఎగరాలని ఆయన రెక్క కొసలను పైకి వంచాడు, వెనక తోకను తగిన కోణంలో పెట్టాడు. పైలట్ లోపల లేడన్న చిక్కు అప్పటికే ఉందన్నమాట.

గాల్లోకి వెళ్లాక రెండు సంగతులు. ఒకటి ఎత్తు. రెండు తప్పులు చేసినా సర్దుకునేంత ఎత్తులో ఉండాలి. భయపడి కిందనే ఎగరేసేవాళ్లే ఎక్కువగా కూలుస్తారు. రెండోది, గాలివాలుకు పోతున్నప్పుడు విమానం దూసుకుపోతున్నట్టు కనిపిస్తుంది. నిజానికి వేగం గాలిది. అది చూసి థ్రాటిల్ తగ్గిస్తే రెక్కకు చాలినంత గాలి తగలక, లేపే బలం పోయి స్టాల్ అవుతుంది. మలుపు మధ్యలో ఇలా జరిగితే ఒక రెక్క దభాలున పడిపోతుంది. ఇదీ బయట నిలబడి చూడటం వల్ల వచ్చే భ్రమే, లోపల ఉన్నవాడి ముందు వేగం చూపే ముల్లు ఉంటుంది. అందుకే కొత్తలో గాలి లేని వేళే మేలు. మన దగ్గర తెల్లవారి ఆరు నుంచి ఎనిమిది దాకా, ముఖ్యంగా చలికాలంలో, వరికోతలయ్యాక ఆరిన మళ్లలో ఆకు కదలదు. మోడు మీద దిగితే విమానానికి గీత పడుతుందేమో గానీ విరగదు. మే నెలలో మాత్రం విమానాన్ని కారులో వదిలి టీకి వెళ్లకండి, ఫోమ్ రెక్క వంకర తిరుగుతుంది. ఈపీవో ఫోమ్ నలిగితే మరిగిన నీళ్లు పోసి చూడండి, సొట్ట చాలావరకు తేరుకుంటుంది.

స్థలం సంగతి హైదరాబాద్ వాళ్లకు కాస్త కష్టం. శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ, ఇన్ని రన్‌వేల మధ్య ఊరు. విశాఖలో నేవీ విమానాశ్రయం, విజయవాడకు గన్నవరం. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం దేశాన్ని గ్రీన్, ఎల్లో, రెడ్ జోన్లుగా విడగొట్టారు. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల దాకా ఎగరేయవచ్చు, విమానాశ్రయం ప్రహరీకి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగులే. సరదాకూ చదువుకూ కంటి చూపు మేరలో ఎగరేసే 25 కిలోల లోపు మోడళ్లకు టైప్ సర్టిఫికెట్ అక్కర్లేదని అదే రూల్స్ చెబుతాయి. రూల్స్ మారుతుంటాయి కాబట్టి, బయలుదేరే ముందు ప్రభుత్వ ‘డిజిటల్ స్కై’ మ్యాపులో ఆ పొలం ఏ రంగులో ఉందో చూసుకోవడం, రిజిస్ట్రేషన్ సంగతి కనుక్కోవడం మన పూచీ.

బ్యాటరీ విషయంలో మొహమాటం పనికిరాదు. లైపో సెల్లు నిండితే 4.2 వోల్టులు, ఇంట్లో పక్కన పెట్టేటప్పుడు 3.8 దగ్గర ఉంచాలి. నిండుగా వారాల తరబడి వదిలేస్తే ఉబ్బుతుంది. ఉబ్బినదాన్ని ఇంకోసారి చూద్దామని ఛార్జింగ్ పెట్టకూడదు. ఛార్జింగ్ మంచం మీద కాదు, గచ్చు మీద, ఇసుక పోసిన మట్టికుండ దగ్గర పెట్టుకుని, మనిషి ఇంట్లో ఉన్నప్పుడే. మైదానంలో ముందు రేడియో ఆన్ చేసి, థ్రాటిల్ సున్నాకు దించి, ఆ తర్వాతే విమానంలో బ్యాటరీ కలపాలి. విప్పేటప్పుడు వరస తిరగేయాలి. మోటారును బల్ల మీద పరీక్షించేటప్పుడు ప్రాప్ తీసేయాలి. పది అంగుళాల ప్రాప్‌కు వేలికీ వంకాయకూ తేడా తెలియదు.

ఇంత తంటా ఎందుకు, డ్రోన్ కొంటే అదే గాల్లో నిలబడుతుంది కదా అని అడిగేవాళ్లున్నారు. నిజమే, నిలబడుతుంది. అందుకే దానితో రెక్క గురించి ఏమీ తెలియదు. ఇంజినీరింగ్ పిల్లాడు యాంగిల్ ఆఫ్ అటాక్ (రెక్కకు గాలి తగిలే కోణం) గురించి పరీక్షలో పేజీన్నర రాస్తాడు. తన చేతిలోని విమానం స్టాలై ఒరిగిన ఉదయం ఆ పేజీన్నరా వేళ్లకు తెలుస్తుంది. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో ఏరోమోడలింగ్ ఇప్పటికీ శిక్షణలో భాగం. 1977లో మనిషి కాళ్ల బలంతో ఎగిరిన గోసమర్ కాండర్‌ను తయారుచేసిన పాల్ మెక్రీడీ చిన్నప్పుడు మోడల్ విమానాలు కట్టినవాడే. ఇక అమెరికా మోడలర్ మేనార్డ్ హిల్ సంగతి. 2003 ఆగస్టులో ఆయన బాల్సాతో కట్టిన విమానం కెనడా తీరం నుంచి ఐర్లాండ్ దాకా, దాదాపు మూడు వేల కిలోమీటర్లు, 38 గంటల 52 నిమిషాలు ఎగిరింది. ఇంధనంతో సహా దాని బరువు ఐదు కిలోల లోపే. అప్పటికి హిల్ వయసు 77, చూపు దాదాపు పోయింది. సముద్రం మీద ఆటోపైలట్ నడిపించింది, అవతలి ఒడ్డున దించడానికి మరో మనిషి రేడియో పట్టుకుని నిలబడ్డాడు.

మన ట్రెయినర్ అంత దూరం పోనక్కర్లేదు. గాలికి ఎదురుగా తెచ్చి, అనుకున్న చోట వరుసగా దించగలిగిన రోజున దాని పని అయిపోయినట్టే. అప్పుడు మోటారు, ఈఎస్‌సీ, రిసీవర్, సర్వోలు దాన్లోంచి విప్పి, ఐలరాన్లున్న కొత్త ఫోమ్ ఒంట్లోకి మార్చుకోవచ్చు. కొత్తగా కొనాల్సింది రెండు షీట్లు, ఒకటో రెండో సర్వోలు. మళ్లీ రెండు వేళ్ల మీద సీజీ చూసుకోవడం మాత్రం తప్పదు.