సంతకం ఎవరిది? : రాజా దీన్ దయాళ్ అండ్ సన్స్ ఛాయాచిత్రాలు - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

విక్టోరియా కాలంలో సికింద్రాబాదు కేంద్రంగా పనిచేసిన ‘రాజా దీన్ దయాళ్ అండ్ సన్స్’ సంస్థ ఛాయాచిత్రాలను ఒకే కళాకారుని సృష్టిగా చూడడం పరిపాటి. చిత్రాన్ని కోరినవారు, తీసినవారు, అందులో కనిపించేవారు - ఈ ముగ్గురి మధ్యనున్న సంబంధాన్ని బట్టి వాటిని చదవాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: దీన్ దయాళ్, ఛాయాచిత్రం, కర్తృత్వం, జనానా స్టూడియో, హైదరాబాదు సంస్థానం.

1. ఉపోద్ఘాతం

దీన్ దయాళ్ 1844లో మీరట్ సమీపంలోని సర్ధనాలో జైన కుటుంబంలో జన్మించారు. రూర్కీలోని థామసన్ కళాశాలలో ఇంజనీరింగు చదివి, ఇండోరులో ప్రజాపనుల శాఖలో ఉద్యోగం చేస్తూ 1870వ దశకంలో ఛాయాగ్రహణం చేపట్టారు. 1885లో వైస్రాయి ఛాయాగ్రాహకునిగా నియమితులయ్యారు. ఆ దశకంలోనే సికింద్రాబాదులో స్టూడియో తెరిచి, ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆదరణ పొందారు. 1894లో నిజాం ఆయనకు ‘రాజా’, ‘ముసవ్విర్ జంగ్’ బిరుదులిచ్చారు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. 1896లో బొంబాయి స్టూడియో ప్రారంభమైంది. విక్టోరియా రాణి నుండి కూడా ఆ సంస్థకు గుర్తింపు లభించింది.

2. ఒక పేరు - అనేక హస్తాలు

‘ముసవ్విర్’ అన్న బిరుదు ఒక వ్యక్తిని గౌరవిస్తుంది. స్టూడియో పని మాత్రం ఒక్కరితో సాగేది కాదు. గాజుపలకపై బింబాన్ని గ్రహించడం, దానిని రసాయనాలతో కడగడం, నెగెటివుపై లోపాలు సవరించడం, కాగితంపై ముద్రించి అట్టకు అతికించడం వేర్వేరు నైపుణ్యాలు. ఇండోరు, సికింద్రాబాదు, బొంబాయి నగరాలలోని స్టూడియోలన్నిటిలో ఒకే మనిషి కెమెరా వెనుక నిలబడడం అసాధ్యం. కాబట్టి అట్టపై అచ్చయిన పేరును నాణ్యతకు సంస్థ ఇచ్చిన హామీగా గ్రహించాలి.

కర్తృత్వ చర్చ తెలుగు పరిశోధకులకు కొత్త కాదు. భాస్కర రామాయణాన్ని ఒక్కరి పేరుతో పిలుస్తున్నా, దాని రచనలో పలువురు కవుల భాగస్వామ్యాన్ని సాహిత్య చరిత్ర అంగీకరించింది. ఏ కాండ ఎవరిదో చర్చించింది. కావ్యం విషయంలో చూపిన ఈ శ్రద్ధను ఛాయాచిత్రం విషయంలోనూ చూపవలసి ఉంది.

3. జనానా స్టూడియో

ఈ ప్రశ్నకు బలమైన ఉదాహరణ 1892లో హైదరాబాదులో ఏర్పడిన జనానా స్టూడియో. పరదా పాటించే స్త్రీల కోసం నెలకొల్పిన ఈ విభాగాన్ని మిసెస్ కెన్నీ-లెవిక్ అనే ఆంగ్ల మహిళ నిర్వహించారు. పరపురుషుని కంట పడకూడదన్న నియమం ఉన్నచోట స్త్రీ చిత్రం తీయాలంటే కెమెరా వెనుక స్త్రీ ఉండక తప్పదు. అంటే ఇక్కడ చిత్రకర్త స్త్రీ కావడమే చిత్రానికి ఆధారం. అయినప్పటికీ సంస్థ కీర్తి అంతా దీన్ దయాళ్ పేరనే నిలిచింది.

ఇంకొక విషయం గమనార్హం. దర్బారు చిత్రం నలుగురూ చూడడానికి తీయించుకొన్నది. అంతఃపుర స్త్రీ చిత్రం కుటుంబం దాటి పోకూడదనే షరతుపై పుట్టినది. రెండింటినీ ఒకే కొలబద్దతో కొలిచి, ‘సహజత్వం’, ‘గాంభీర్యం’ వంటి మాటలతో సరిపెట్టడం విమర్శ కాజాలదు.

4. కోరినవారు - కనిపించినవారు

నిజాం చిత్రాలలో దుస్తులు, ఆభరణాలు, నిలుచున్న తీరు అన్నీ పాలకుని అధికారాన్ని ప్రకటిస్తాయి. తాను ఎలా కనిపించాలన్నది కూర్చున్నవాడే నిర్ణయించుకొనే అవకాశం అక్కడ ఉంది. 1902లో వరంగల్ ప్రాంతంలోని నెక్కొండ వద్ద వేటాడిన పులితో కర్జన్ దంపతులు నిలిచిన చిత్రమూ ఇటువంటిదే. ఆ చిత్రం వారిద్దరి పేర్లనూ భద్రపరిచింది. అడవిలో పులిని తోలిన వారికి ఆ జ్ఞాపకంలో చోటు లేదు.

1899-1900 కరువులో ఔరంగాబాదు ప్రాంతంలో ప్రభుత్వం చేపట్టిన సహాయక చర్యలను ఇదే సంస్థ చిత్రించింది. వాటిలో ఆకలిగొన్న ప్రజలు కనిపిస్తారు. కానీ ఆ చిత్రాలు వారు అడిగి తీయించుకొన్నవి కావు; పాలన చేసిన మేలుకు అవి సాక్ష్యాలు. నవాబు ముఖం అతని పేరుతో నిలిస్తే, కూలి ముఖం ‘కరువు సహాయం’ అన్న శీర్షిక కింద చేరింది. సాంకేతిక నైపుణ్యం రెండు చోట్లా ఒక్కటే. తేడా అంతా ఉత్తరువులో ఉంది.

5. ముగింపు

సంస్థకు చెందిన 2,857 గాజు నెగెటివులను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం సేకరించింది. హైదరాబాదు చరిత్రను తలచుకొన్నప్పుడల్లా ఈ చిత్రాలు గత వైభవానికి అలంకారాలుగా కనిపిస్తుంటాయి. దీన్ దయాళ్ ప్రతిభను తగ్గించడం ఈ పరిశీలన ఉద్దేశం కాదు. అంతటి సంస్థను నిర్మించి, పలువురి పనికి ఒకే ప్రమాణం కల్పించడమూ ప్రతిభే. అయితే చిత్రం కింద ఆయన పేరు రాసినంత మాత్రాన దాని పరిచయం పూర్తి కాదు. ఎవరి కోరికపై తీశారు, ఎవరు చూడడానికి తీశారు, కనిపించేవారి సమ్మతి ఎంత అన్న ప్రశ్నలు కూడా వేసినప్పుడే, పేరు దక్కని ముఖాలు సైతం చరిత్రలో భాగమవుతాయి.