అవ్వల మాటే సాక్ష్యం

సీతాఫల్‌మండిలో రైలు దిగి ఉస్మానియాకు నడిచే మన పిల్లలు చదవాల్సిన పుస్తకం ‘మనకు తెలియని మన చరిత్ర’. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చింది. ఉస్మానియాలో రాజనీతిశాస్త్రం చెప్పిన రమా మేల్కోటే, తార్నాక పోషకాహార సంస్థ డాక్టర్ వీణా శత్రుఘ్న వంటివారు ఏ సిలబస్సూ చెప్పకుండానే కలిసి, తెలంగాణ పోరాట స్త్రీలను అడిగి రాశారు. పోరాటం ఆగాక ఇంటికి పొమ్మంటే పడ్డ బాధనూ దాచలేదు. అదే దాని బలం.

అయితే దళాలు గోదావరి అడవులకు వచ్చినప్పుడు అన్నం పెట్టి, శిబిరాల పాలైన కోయ అవ్వల మాట ఎవరు రాయాలి? మనమే. డిగ్రీ ఏదైనా, సెలవుల్లో గూడెం పోయి కోయలోనే అడుగుదాం. రాసింది ముందు వాళ్లకే చదివి వినిపిద్దాం. 2006 అటవీ హక్కుల చట్టం కింద పెద్దల వాంగ్మూలం కూడా పోడు హక్కుకు సాక్ష్యమే. అవ్వలు పోతే ఆ సాక్ష్యమూ పోతుంది.