చూసినంతే రాసినవాడు

ఇంటర్‌లో బైపీసీ చదివినవాళ్లకి 'లాంగర్‌హాన్స్ పుటికలు' అన్న మాట గుర్తుండే ఉంటుంది. క్లోమంలో ఉంటాయి, ఇన్సులిన్ తయారుచేస్తాయి, అవి దెబ్బతింటే షుగర్ వస్తుంది. పరీక్షకు ఆ మాత్రం చాలు. ఆ పేరుగల మనిషి వాటిని ఎలా చూశాడో, చూసి ఏం రాశాడో మన పాఠ్యపుస్తకాలు చెప్పవు. ఇన్సులిన్ కథ అనగానే అందరూ దాన్ని గ్రంథి నుంచి బయటికి తీసిన 1921 నాటి టొరంటోకి వెళ్లిపోతారు. అక్కడ నాటకీయత ఉంది, తగాదాలున్నాయి, నోబెల్ బహుమతి ఉంది. నాకు మాత్రం అంతకు యాభై ఏళ్ల ముందు బెర్లిన్‌లో ఒక వైద్య విద్యార్థి పట్టా కోసం సమర్పించిన చిన్న సిద్ధాంత వ్యాసమే ఎక్కువ ఇష్టం. పనితనం ఎలా ఉంటుందో చూడాలంటే అది చదవాలి.

1869 ఫిబ్రవరి. పాల్ లాంగర్‌హాన్స్‌కి అప్పుడు 21 ఏళ్లు. బెర్లిన్‌లో డాక్టరు గారబ్బాయి. యేనాలో ఎర్నెస్ట్ హెకెల్ దగ్గర కొంతకాలం చదివి, సొంతూరికి తిరిగొచ్చి రుడాల్ఫ్ విర్షో నడిపే వ్యాధి విజ్ఞాన సంస్థలో చేరాడు. ఎంచుకున్న విషయం క్లోమం సూక్ష్మ నిర్మాణం. ఆ గ్రంథి పనేమిటో తెలిసిపోయిందనే అప్పటి నమ్మకం. క్లోమరసం కొవ్వును ఎలా అరిగిస్తుందో ఫ్రాన్స్‌లో క్లోద్ బెర్నార్ అప్పటికే చూపించాడు. రసం తయారవుతుంది, నాళం గుండా పేగులోకి దిగుతుంది, అంతటితో ఆ అవయవం సంగతి సరి. రసం సంగతి తేలింది గానీ, దాన్ని తయారుచేసే కణాలు ఎలా ఉంటాయో, ఎలా అమరి ఉంటాయో సరిగా చూసినవాళ్లు లేరు. చూడకపోవడానికి కారణమూ ఉంది.

సూక్ష్మదర్శిని కింద క్లోమం అంత మొండి అవయవం మరొకటి ఉండదేమో. ప్రాణం పోయిన మరుక్షణం నుంచీ తనలోని ఎంజైములతో తనను తానే అరిగించుకోవడం మొదలుపెడుతుంది. కాస్త ఆలస్యమైతే కణాల హద్దులు చెదిరి అంతా ముద్దైపోతుంది. శవపరీక్ష బల్ల మీదికి వచ్చేసరికి మనిషి క్లోమం చాలావరకు పాడై ఉంటుంది. లాంగర్‌హాన్స్ కుందేలును ఎంచుకున్నాడు. మనిషి క్లోమం దళసరి కండలా ఒకచోట ఉంటుంది. కుందేలు క్లోమం అలా కాదు, పేగును పట్టి ఉంచే పలుచటి పొరలో ఆకులా పరుచుకుని ఉంటుంది. తాజాగా తీసుకోవచ్చు, కొయ్యకుండానే వెలుతురు దూరుతుంది. పనిలో సగం విజయం ఈ ఎంపికలోనే ఉందని నా అభిప్రాయం.

ఈనాటి ప్రయోగశాలలో కణజాలాన్ని మైనంలో బిగించి, యంత్రంతో రేకులు తీసి, గులాబీ, ఊదా రంగులు అద్ది చూస్తారు. అతని చేతిలో అవేవీ లేవు. ఉన్నవల్లా కొన్ని ద్రావణాలూ సూదులూ, వాటితోపాటు బోలెడంత ఓపిక. పొటాషియం డైక్రోమేట్, సోడియం సల్ఫేట్ కలిపిన ముల్లర్ ద్రావణంలో గ్రంథి ముక్కల్ని నానబెట్టేవాడు. ఎక్కువ కాలం ఉంచితే ఆ ద్రావణం కణజాలాన్ని గట్టిపరుస్తుంది. కొద్ది రోజులే ఉంచితే కణాల మధ్య పట్టు సడలుతుంది, కణాలు మాత్రం ఆకారం కోల్పోవు. ఆ రెండింటి మధ్య సరైన ఘడియ పట్టుకోవడమే నేర్పు. తర్వాత సూదులతో విడదీసి, ఒక్కొక్క కణాన్ని విడిగా చూడటం. ఇంకో పని కూడా చేశాడు. గ్రంథి నాళంలోకి ప్రష్యన్ నీలాన్ని ఎక్కించి, రసం నడిచే దారులన్నిటికీ రంగు పట్టించాడు. ఒత్తిడి కాస్త ఎక్కువైతే సన్నటి దారులు పగిలి నీలం ఎటుబడితే అటు కారిపోతుంది, తక్కువైతే చివరిదాకా చేరదు. సరిగా కుదిరినప్పుడు కొమ్మలూ రెమ్మలూ వేసుకుంటూ పోయే నాళాల అల్లిక అంతా నీలంగా తేలుతుంది.

ఇలా చూస్తే ఏం కనిపించింది? రసం తయారుచేసే కణాలు ద్రాక్షగుత్తుల్లా చేరి ఉంటాయి. వాటిలో ప్రతి కణానికీ రెండు భాగాలున్నాయని అతను గమనించాడు. నాళం వైపు రవ్వరవ్వగా ఉండే భాగం ఒకటి, వెలుపలి వైపు తేటగా ఉండే భాగం ఇంకొకటి. ఆ రవ్వ జీర్ణక్రియను బట్టి పెరిగి తరుగుతుందని కొన్నేళ్ల తర్వాత హైడెన్‌హైన్ అనే శాస్త్రవేత్త చూపించాడు గానీ, ఆ గీత మొదట గీసింది ఈ విద్యార్థే. గుత్తి నడిమధ్యలో, నాళం మొదలయ్యే చోట, వేరే రకం చిన్న కణాలు ఇరుక్కుని ఉండటమూ అతని కంటబడింది. పుటికల సంగతి అసలు రాయకపోయినా, ఈ మధ్య కణాల వర్ణన ఒక్కటే అతని పేరును కణజాల శాస్త్రంలో నిలబెట్టేది. ఎందుకో గానీ వాటి గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు.

ఇక ఆ ప్రసిద్ధమైన పేరా. గ్రంథి అంతటా అక్కడక్కడా చెదిరి, రసకణాలతో పోలిక లేని చిన్న కణాల గుంపులు కనిపించాయి. అతను వాటిని వర్ణించే తీరు చూడండి: ఆకారం ఏమిటి, పలకలు పలకలుగా ఉంది. లోపల ఏముంది, తేటగా, అంతటా ఒకేలా ఉంది, రవ్వ లేదు. కేంద్రకం గుండ్రంగా ఉంది, అందులో మళ్లీ చుక్క లేదు. ఒంటరిగా ఉన్నాయా, లేదు, గుంపులుగా ఉన్నాయి. గుంపు ఎంత వెడల్పు, 0.1 నుంచి 0.24 మిల్లీమీటర్లు. పొగడ్త లేదు, ఆశ్చర్యార్థకం లేదు. లేనివాటిని కూడా లెక్కగట్టి చెప్పడం నాకు బాగా నచ్చింది. రవ్వ లేదనీ చుక్క లేదనీ రాయాలంటే, వాటి కోసం వెతికి ఉండాలి కదా.

ఆ కొలత ఎంత నికరమైనదో చెప్పడానికి ఒక సంగతి. టైప్ 1 మధుమేహం ఉన్న కొందరికి ఇప్పుడు దాతల క్లోమం నుంచి పుటికల్ని వేరుచేసి కాలేయంలోకి ఎక్కిస్తున్నారు. కెనడాలోని ఎడ్మంటన్ బృందం 2000లో ఇలా ఏడుగురికి ఎక్కించి, వాళ్లందరినీ ఇన్సులిన్ సూది అక్కర్లేని స్థితికి తెచ్చింది. పుటికలన్నీ ఒకే సైజులో ఉండవు కాబట్టి మోతాదు లెక్కకు ఒక ప్రమాణ పుటిక కావాలి. వైద్యులు పెట్టుకున్న ప్రమాణం 0.15 మిల్లీమీటర్ల వ్యాసం. లాంగర్‌హాన్స్ కుందేట్లో కొలిచి రాసిన హద్దుల మధ్యే అది కుదురుగా కూర్చుంది.

ఈ కణాల పనేమిటో అతను చెప్పలేదు. తెలియదని సూటిగా రాశాడు. వ్యాసం మొదట్లోనే, తన దగ్గర ముగింపుకొచ్చిన పరిశోధన లేదనీ, ఈ అవయవం అందరూ అనుకునే దానికన్నా చాలా చిక్కైనదని సూచించే కొన్ని విడివిడి పరిశీలనలు మాత్రమే ఉన్నాయనీ ఒప్పుకున్నాడు. పట్టా ఇచ్చే పెద్దల ముందు 21 ఏళ్ల కుర్రాడు ఆ మాట రాయడం తేలిక కాదు. ఏదో ఒక ఊహ అంటించి ఉంటే వ్యాసానికి నిండుదనం వచ్చేది.

ఊహ చేయడం అతనికి చేతకాక కాదు. అంతకు ముందు ఏడాదే, 1868లో, మనిషి చర్మం మీద ఒక వ్యాసం ప్రచురించాడు. కోన్‌హైమ్ అనే శాస్త్రవేత్త కనిపెట్టిన బంగారు క్లోరైడ్ పద్ధతితో చర్మం పై పొరకు రంగు పట్టిస్తే, చేతులు చాచినట్టు కొమ్మలున్న నల్లటి కణాలు బయటపడ్డాయి. అవి నాడీ వ్యవస్థకు చెందినవని అతను అనుకున్నాడు. ఆ ఊహ తప్పింది. అవి రోగనిరోధక వ్యవస్థ కావలివాళ్లని తేలడానికి వందేళ్లు పట్టింది. మన రైతులు వరిలో కంకినల్లి అంటారే, దాని దూరపు చుట్టాలైన ఇంటి దుమ్ము నల్లులున్నాయి. వాటి మలంలోని ప్రోటీన్లు చర్మంలోకి చొరబడితే పట్టుకుని, లింఫు గ్రంథులకు కబురు మోసే కణాల్లో ఇవీ ఉన్నాయి. కొందరిలో తామర లాంటి దురద ముదరడానికి అక్కడే బీజం పడుతుంది. లాంగర్‌హాన్స్ చెప్పిన పని తప్పైంది గానీ, వేసిన బొమ్మ ఈనాటికీ సరిపోతుంది. చర్మం దగ్గర చేసిన ఊహ క్లోమం దగ్గర ఎందుకు చేయలేదో మనకు తెలిసే దారి లేదు. నాకు మాత్రం ఆ ఒక్క ఏడాదిలో అతని చేయి ముదిరిందనిపిస్తుంది.

ఒక ఫిర్యాదూ ఉంది. మళ్లీ క్లోమం జోలికి పోలేదు. 1870లో భూగోళవేత్త రిషార్డ్ కీపెర్ట్ వెంట సిరియా, పాలస్తీనా తిరిగాడు. ఫ్రాన్స్‌తో యుద్ధం వస్తే సైనికాసుపత్రిలో పనిచేశాడు. ఆపైన ఫ్రైబుర్గ్‌లో ఉద్యోగం. 1874లో క్షయ పట్టుకుంది. మరుసటి ఏడాది, ఎండా సముద్రపు గాలీ వెతుక్కుంటూ పోర్చుగల్ వారి మదీరా దీవికి చేరాడు. అక్కడ ఫుంచాల్ పట్నంలో తనలాంటి క్షయరోగులకు వైద్యం చేస్తూ, తీరిక వేళల్లో సముద్రపు పురుగుల మీద పడ్డాడు. వాటిలో కొన్ని మిల్లీమీటర్లకు మించనివి. ఒంటి పక్కల ఉండే వెంట్రుకల్లాంటి ముళ్ల కొనలు చూస్తే గానీ ఒక జాతికీ ఇంకో జాతికీ తేడా తెలియదు. 'మదీరా పురుగుల సంపద' పేరుతో 1879 నుంచి 1884 దాకా విడతలుగా వచ్చిన ఆ వ్యాసాల్లోనూ అదే చేయి కనిపిస్తుంది. ముల్లు ఎటు వంగింది, కొనకు ఎన్ని పళ్లున్నాయి, ఏ ఖండం దగ్గర మొదలైంది. ఒక ప్రజాతికి గురువు పేరు కలిసేలా 'విర్షోవియా' అని పెట్టాడు. విర్షోకి పురుగులో తన పేరు చూసుకుని ఏమనిపించిందో! 1888 జూలై 20న, 41వ పుట్టినరోజుకు ఐదు రోజుల ముందు, మూత్రపిండాలు చెడి లాంగర్‌హాన్స్ మదీరాలోనే చనిపోయాడు.

కుక్కకు క్లోమం తీసేస్తే మధుమేహం వస్తుందని స్ట్రాస్‌బర్గ్‌లో మింకోవ్‌స్కీ, ఫాన్ మేరింగ్ కనిపెట్టింది ఆ మరుసటి ఏడాదే. 1893లో ఫ్రాన్స్‌లోని లీల్ నగరంలో ఎడువార్ లగెస్ క్లోమంలోని ఆ కణాల గుంపుల్ని మళ్లీ వెతికి పట్టుకున్నాడు. రక్తంలోకి ఏదో విడుదల చేసేది ఇవే కావచ్చన్నాడు. వాటికి తన పేరు పెట్టుకోవచ్చు, అడ్డు చెప్పేవాళ్లు లేరు. 24 ఏళ్ల కిందటి వర్ణన అంత స్పష్టంగా ఉండబట్టే, తను చూస్తున్నవి అవేనని లగెస్ గుర్తుపట్టగలిగాడు, 'లాంగర్‌హాన్స్ దీవులు' అన్నాడు. మధుమేహంతో చనిపోయినవాళ్లలో ఈ దీవులే చెడిపోయి ఉండటం 1901లో అమెరికాలో యూజీన్ ఓపీ చూపించాడు.

ఆ వర్ణనలో తర్వాతివాళ్లు దిద్దింది ఒక్క చోటే. కణాల లోపల అంతా ఒకేలా ఉందన్నాడు కదా, అది నిజం కాదు. 1907లో షికాగోలో లేన్ అనే పరిశోధకుడు పుటికల్ని రెండు రకాల ద్రావణాల్లో విడివిడిగా నిలవచేసి చూశాడు. ఆల్కహాల్‌లో ఉంచితే కొన్ని కణాల్లో రవ్వ నిలిచింది, మిగతావాటిలో కరిగిపోయింది. నీటితో చేసిన క్రోమ్ ద్రావణంలో ఉంచితే అది తలకిందులైంది. మొదటివాటికి ఎ అనీ, రెండోవాటికి బి అనీ పేరు పెట్టాడు. ఇన్సులిన్ ఉండేది ఆల్కహాల్‌కు కరిగిపోయిన ఆ బి కణాల రవ్వలోనే. పదిహేనేళ్లకు టొరంటోలో దాన్ని గ్రంథి నుంచి బయటికి లాగిందీ ఆల్కహాల్‌తోనే.